నా చెయ్యి పడని పచ్చడి

ఊరి నుంచి
20 జనవరి 2026

ఏమే బిందూ,

నీ ఉత్తరం అందింది. రెబ్కా టీచరు మన అరుగు మీద కూర్చుని మొత్తం చదివింది. నాలుగు పేజీలు రాశావు. నాలుగింట్లో ఎక్కడా తింటున్నాను, పడుకుంటున్నాను, దగ్గు తగ్గింది అన్న ముక్క లేదు. గుజరాతులో నూట ఎనభై రెండు మీటర్ల బొమ్మ ఉందట, ప్రపంచంలో అంతకంటే ఎత్తయిన బొమ్మ లేదట. హుబ్బళ్ళిలో రైలు ప్లాట్‌ఫారం కిలోమీటరున్నర పొడవట. బీజాపూరులో గోల్ గుంబజ్ అట, ఇవతలి గోడ దగ్గర గుసగుసలాడితే అవతలి గోడ దగ్గర వినబడుతుందట. ఉద్యోగం రావాలంటే ఇవన్నీ నోటికి రావాలట.

నాకు రోత పుట్టింది. ఆ బొమ్మ కింద నిలబడ్డవాడికి కాలిగోళ్ళు తప్ప ముఖం కనబడుతుందా? కిలోమీటరున్నర ప్లాట్‌ఫారం మీద మోకాళ్ళ నొప్పుల మనిషి చివరి పెట్టె దాకా ఎట్లా నడవాలి? గుసగుస గోడ దాటి వినబడటం ఒక వింతా? మన ఊళ్ళో ఏ గోడ దాటి వినబడదు? ఇది రాయనని రెబ్కా నవ్వింది. రాయమన్నాను, రాసింది.

మీ కోచింగువాళ్ళు నువ్వు చేరిన రోజే ఫోన్లు లాక్కున్నారు చూడు, ఆ ఒక్క పని నాకు నచ్చింది. లేకపోతే నువ్వు ఉత్తరం రాసేదానివా? కానీ సాంబారులో పురుగు వచ్చిందని ఒక వాక్యం రాసి కొట్టేశావు. రెబ్కా వెలుతురుకి పట్టి చదివింది. నా దగ్గర దాచకు.

అందుకే నీ నాన్న చేత పండుమిరప పచ్చడి జాడీ పంపిస్తున్నాను. కాయ తొడిమతోనే కడిగి, పంచె మీద ఆరబోసి, ఒక్కొక్కటీ తుడిచి, ఆ తర్వాతే తొడిమ తీశాను. రోట్లో తొక్కి మూడోనాడు తిరగబోశాను. తడి చెంచా పెట్టావంటే నిన్ను వదలను. పక్క పిల్లలకి పెట్టు. వార్డెనుకి పెట్టకు, ఆమె మీ ఉత్తరాలు దగ్గర పెట్టుకుని ఆలస్యంగా ఇస్తుందని రాశావుగా.

రెబ్కా కూతురు క్రిస్టీనాకి నెలలు నిండుతున్నాయి. పుట్టింటికే వచ్చింది. బాలింత కారం నేనే కొట్టాలని ఇప్పటినుంచే అడుగుతోంది. ఈ ఊళ్ళో బాలింత మొదటి ముద్ద నా కారంతోనే తింటుంది, హిందువులైనా కిరస్తానీలైనా. మా అత్త చేతి నుంచి నా చేతికి వచ్చిన పని అది.

కడుపు మాడ్చుకుని చదవకు.

మీ నాయనమ్మ వెంకటేశ్వరమ్మ చెప్పగా రెబ్కా రాసింది


నల్లపాడు హాస్టలు
29 జనవరి 2026

నాయనమ్మా,

దగ్గు తగ్గింది. తింటున్నాను. ఇప్పుడు సంతోషమా?

నీ జాడీ మా గదిలో రెండు రోజులు కూడా ఆగలేదు. షారోన్ అయితే వేళ్ళు నాకింది. ఆ వాసనకి మా డైరెక్టరు శివరామకృష్ణ సారు మెస్సులోకి వచ్చి, ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద అడిగి తిని, ఎవరు చేశారమ్మా అన్నారు. మా నాయనమ్మండీ అన్నాను. తర్వాత ఒక మాట అన్నారు, విను.

దేశంలో అతి పెద్ద పండుమిరప పచ్చడి చేయిద్దామట! ఆసియాలో పెద్ద మిర్చి యార్డు మన గుంటూరులో ఉంది, ఇంత కారం పండే చోట ఆ రికార్డు వేరేవాళ్ళకి ఎందుకు పోవాలి అన్నారు. రికార్డు పుస్తకంవాళ్ళని పిలిపిస్తారట. మా కోచింగు వార్షికోత్సవం రోజు చేస్తారట. సారు ప్రతి ఏడూ అచ్చు వేసే జనరల్ నాలెడ్జి పుస్తకంలో కూడా పెడతారట. ఎవరి ఆధ్వర్యంలో తయారైంది అనే ప్రశ్నకి జవాబు నీ పేరు! వేలమంది పిల్లలు నీ పేరు బట్టీపడతారు నాయనమ్మా. చీనాబ్ నది మీద మూడు వందల యాభై తొమ్మిది మీటర్ల ఎత్తున రైలు వంతెన కట్టారు. అంత వంతెన పక్క పేజీలోనే నువ్వు ఉంటావు.

సారు స్వయంగా మన ఇంటికి వస్తానన్నారు. కాఫీ ఇవ్వు. కాస్త మెల్లగా మాట్లాడు.

నీ బిందు


ఊరి నుంచి
4 ఫిబ్రవరి 2026

బిందూ,

మీ సారు వచ్చాడు. కాఫీ ఇచ్చాను. ఆ తర్వాత జరిగింది విను.

మంగళవారం పొద్దున తెల్లకారు మన కళ్ళం అంచుదాకా వచ్చింది. ఎండబోసిన కాయల మీదికి చక్రం ఎక్కబోయింది, నేను కర్ర అడ్డం పెట్టాను. దిగినవాడు నా కాళ్ళకి దండం పెట్టబోయాడు. కాళ్ళు వెనక్కి తీసుకున్నాను.

"అమ్మగారూ, మీ చేతి పచ్చడి తిన్నానండి. అమృతమండి!"

"అమృతం కాదు నాయనా, కారం. మా పిల్ల కోసం పంపింది నీ దాకా ఎట్లా వచ్చింది?"

అతను నవ్వేసి కుర్చీ లాక్కున్నాడు. రెండు టన్నులు చేద్దామన్నాడు. తూకం వేసేవాళ్ళు వస్తారు, ఫొటోలవాళ్ళు వస్తారు, మీరు ఒక్క గుప్పెడు ఉప్పు వేస్తే చాలు, మిగతాది మా కుర్రాళ్ళు చూసుకుంటారు అన్నాడు.

"అంత ఎవరు తింటారు?" అన్నాను.

"ఎంతమందైనా తినొచ్చండి."

"ఎవరైనా ఆకలేసి అడిగారా?"

"రికార్డండి ఇది, అమ్మగారూ."

సరే, కాయలు ఎక్కడివన్నాను. తొడిమ తీసిన కాయలే తెప్పిస్తున్నాడట, పని తేలికట. ట్యాంకరు పెట్టి పైపుతో కడిగిస్తాడట. తొడిమ పోయిన కాయ మూత లేని సీసా లాంటిది, కడిగిన నీళ్ళన్నీ కడుపులోకి పోతాయి, ఎంత ఎండబెట్టినా లోపల చెమ్మ ఉండిపోతుంది, నాలుగు రోజులకి బూజు పడుతుంది, చేయకు నాయనా అని మంచిగానే చెప్పాను. మందు కలుపుతాంలెండి అన్నాడు. రోలు ఎంతది తెస్తావన్నాను. రోలు కాదట, ఇళ్ళకి స్లాబు పోసేటప్పుడు కంకర కలిపే మిల్లరు ఉంటుంది చూడు, అది. కొత్తదేనట. కొత్తదైతే మాత్రం? సిమెంటు తిరగాల్సిన దాంట్లో మనుషుల నోట్లోకి పోయేది తిప్పుతావా అని లేచి నిలబడ్డాను.

అప్పుడు మీ నాన్న కల్పించుకున్నాడు. "అమ్మా, సారు మన పిల్ల కోసం ఎంతో చేస్తున్నారే. ఊరికే పేరేగా."

"ఊరికే పేరేంట్రా కోటేశూ? నాకు చదువు లేదు, సంతకం లేదు. నా చేతితో చేసింది తిని ఒక్కరికి కడుపునొప్పి రాలేదు, నాకున్న పేరు అది. అది ఈయనకి ఎట్లా ఇస్తాను?"

నా చెయ్యి దాంట్లో పడదు, నా పేరు దాని మీద పడకూడదు, వెళ్ళిరండి అన్నాను. మీ నాన్న కారుదాకా వెళ్ళి చాలాసేపు మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడావురా అంటే ఈ ఏడు కాయల రేటు గురించి అన్నాడు. నేను నమ్మలేదు.

నువ్వు ఆ సారుకి ఇంకోసారి గట్టిగా చెప్పు.

మీ నాయనమ్మ చెప్పగా రెబ్కా రాసింది

(బిందూ, పెద్దమ్మ ఇంకో రెండు మాటలు కూడా అంది. అవి రాయలేదు. - రెబ్కా)


నల్లపాడు హాస్టలు
14 ఫిబ్రవరి 2026

నాయనమ్మా,

నీ నుంచి ఉత్తరం లేదు. వార్డెన్ నెల పరీక్ష అయ్యాకే ఉత్తరాలు ఇస్తానంది. కానీ అసలు సంగతి సారు క్లాసులోనే చెప్పేశారు. నాన్న ఫోన్ చేశాడట, మా అమ్మ పైకి అరుస్తుంది గాని లోపల ఇష్టమే, మీరు కానివ్వండి అన్నాడట! అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను వెనక బెంచీ నుంచి మొదటి వరసలోకి మార్చారు. ఇక్కడ మొదటి వరసవాళ్ళకి సారు విడిగా సందేహాలు తీరుస్తారు. నాకు లెక్కలు ఎంత భయమో నీకు తెలుసుగా.

గేటు దగ్గర నీ ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. నాన్న పంపిన ఫొటో. నువ్వు కళ్ళంలో తలకి తువ్వాలు చుట్టుకుని ఎవరినో తిడుతున్నట్టు ఉంటుంది, అదే. కింద పచ్చడి మహారాణి అని వేశారు.

వచ్చే ఆదివారమే. ఎండకి నువ్వు రాలేవని నాన్న చెప్పాడు. నీ బదులు మొదటి గుప్పెడు ఉప్పు నేనే వేస్తాను. దీవించు.

నీ బిందు


ఊరి నుంచి
27 ఫిబ్రవరి 2026

బిందూ,

నీ ఉత్తరం చదివించుకునేసరికి మీ ఆదివారం అయిపోయింది. మీ నాన్నని పిలిచి అడిగాను. నేనే సరేనన్నాను అని ఒప్పుకున్నాడు. యాభై ఏళ్ళ మనిషిని నేను కొట్టలేదు. అన్నం పెట్టడం మానేశాను. హోటల్లో తింటున్నాడు.

రెబ్కా ఫోనులో మీ పండగ చూపించింది. చూడలేక చూశాను. మిల్లరు తిరుగుతోంది. బూట్లు వేసుకున్న కుర్రాళ్ళు పారలతో ఎత్తి పోస్తున్నారు. ఒకడు నుదుటి చెమట చేత్తో తుడిచి అదే చేత్తో చింతపండు తీశాడు. పక్కన మైకులో పాట. నీళ్ళ ట్యాంకు లాంటి దాంట్లోకి ఎర్రగా జారుతుంటే అందరూ ఈలలు. థూ! ఏరు పొంగినప్పుడు బురద అంతకంటే శుభ్రంగా పారుతుంది. అందులో నువ్వు! కొత్త చీర కట్టుకుని, ఉప్పు విసిరి, దండం పెట్టావు. నా ముఖం నీ నెత్తి మీద ఫ్లెక్సీలో ఊగుతోంది.

ఆ పచ్చడి ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి ఊళ్ళకి పంచారుగా. మన ఊరికీ వచ్చాయి. మూత మీద నా బొమ్మ. మూడు రోజులకే మూతలు వాటంతట అవే ఉబ్బాయి. తీస్తే పైన తెల్లటి బూజు, కింద పుల్లటి కంపు. మన వీధిలో తిన్నవాళ్ళు తిన్నట్టే చెరువు గట్టుకి పరుగెత్తారు. నన్ను పట్టుకుని ఎవరూ ఏమీ అనలేదు. అదే నాకు మంట. అంటే తిరిగి అనేదాన్ని. చూసి తలలు తిప్పుకుంటున్నారు.

ఇప్పుడు అసలు మాట. నిన్న క్రిస్టీనా అత్త చిలకలూరిపేట నుంచి వచ్చింది. నేను కొట్టి ఉంచిన బాలింత కారం సీసా ఆమెకి చూపిస్తే, డబ్బా మూత మీద ఉన్నది ఈమేగా అని రెబ్కాని అడిగింది. అడిగి, మా కోడలికి ఇది పెట్టొద్దు, పచ్చి ఒళ్ళు, ఏమన్నా అయితే ఎవరిది బాధ్యత అంది. ఆ మాట నా ఎదురుగానే అంది. రెబ్కా ఇది రాస్తూ కళ్ళు తుడుచుకుంటోంది, నన్ను రాయొద్దని బతిమాలుతోంది. రాయమన్నాను.

నా పేరు దాని మీదనుంచి తీయించు. ఇంకేమీ అడగను.

మీ నాయనమ్మ చెప్పగా రెబ్కా రాసింది


నల్లపాడు హాస్టలు
28 ఫిబ్రవరి 2026

నాయనమ్మా,

రికార్డు కొట్టేశాం!

నీ ఫిబ్రవరి మొదటి ఉత్తరం మొన్ననే వార్డెన్ చేతికిచ్చింది. సారుని అంత తిట్టావా? తర్వాత మెత్తబడ్డావని నాన్న చెప్పకపోతే భయపడేదాన్ని. ఇప్పుడు నువ్వు అలిగావని కూడా తెలిసింది, నాన్నకి అన్నం పెట్టడం లేదట. స్టేజీ మీదకి నిన్ను కారు పంపి పిలవలేదనేగా? సారు కూడా అదే అన్నారు, పెద్దవాళ్ళకి మర్యాద తక్కువైందేమో అని. పత్రం ఇచ్చే రోజు తప్పకుండా నిన్ను పిలిచి శాలువా కప్పుతారట.

ఆ పత్రం రావాలంటే ఒక్క పని మిగిలింది. తయారీ అంతా నా ఆధ్వర్యంలో జరిగింది అని నువ్వు ఒప్పుకున్నట్టు కాగితం కావాలట. టైపు చేయించి దీంతో పెట్టాను. అడుగున గీత గీసిన చోట వేలిముద్ర వేసి పంపు. రెబ్కా టీచరు సాక్షి సంతకం చేస్తే చాలు.

ఇక్కడ మాకు మూడు రోజులు కడుపులు బాగాలేవు. హాస్టలు మొత్తం. మంచినీళ్ళ వల్ల అని సారు చెప్పారు. ఇప్పుడు పరవాలేదు.

త్వరగా పంపు నాయనమ్మా. నా మొదటి వరస నీ చేతిలో ఉంది.

నీ బిందు


ఊరి నుంచి
8 మార్చి 2026

బిందూ,

శాలువానా?

నాకు శాలువా కప్పలేదని అలిగానా నేను? నిన్ను నా ఒళ్ళో వేసుకుని పెంచాను. నీ నోట్లోకి మొదటి కారం ముద్ద పెట్టింది నేను. నీకు నా గురించి తెలిసింది ఇదా? గుజరాతు బొమ్మ ఎత్తు తెలుసు, చీనాబు వంతెన ఎత్తు తెలుసు. ఇంట్లో ఉన్న ముసలిదాని సంగతి తెలియదు.

నీ కాగితం రెబ్కా చదివింది. రెండుసార్లు చదివించుకున్నాను. కాయల ఎంపిక నాదట. శుభ్రత నా పర్యవేక్షణలోనట. కలపడం నా చేతుల మీదుగానట. ఎంత చక్కగా రాశాడు! చదువుకున్నవాడు అబద్ధం కూడా వరసలు తప్పకుండా రాస్తాడు.

నేను చెప్పేది రాయి రెబ్కా, ఒక్క మాట మార్చకుండా. కాయలు నేను ఏరలేదు. కడగొద్దన్న పద్ధతిలో కడిగారు. తిప్పొద్దన్న దాంట్లో తిప్పారు. వద్దని ఇంటికి వచ్చినవాడి ముఖం మీదే చెప్పాను. నా కొడుకు నాకు తెలియకుండా ఒప్పుకున్నాడు. నా మనవరాలు నన్ను అడక్కుండా ఉప్పు వేసింది. ఇది నా మాట. ఎవరు అడిగినా ఎక్కడికైనా వచ్చి చెబుతాను.

మీ కడుపులు మంచినీళ్ళ వల్ల పాడయ్యాయా? ఛీ. నీ కడుపు నీకే అబద్ధం చెబుతుందా?

వేలిముద్ర కావాలన్న గీత మీద నా వేలు వేయలేదు. మీ రికార్డు డబ్బా ఒకటి దొడ్లో పారేసి ఉంటే, దాంట్లోంచి పుల్లతో ఇంత తీసి అక్కడ పూశాను. ఆరనిచ్చి కవర్లో పెట్టాం. రెబ్కా ముక్కుకి కొంగు కట్టుకుని అంటించింది. మీ సారుని వాసన చూడమను. ఆధ్వర్యం ఎవరిదో వాసనే చెబుతుంది.

క్రిస్టీనాకి శుక్రవారం ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. అత్త పక్కనే కాపలా కూర్చుంది. రొట్టె, పాలు పెడుతోంది. నా కారం సీసా మూత తీయకుండా గూట్లో ఉంది.

మీ నాయనమ్మ చెప్పగా రెబ్కా రాసింది


మంగళగిరి
21 మార్చి 2026

నాయనమ్మా,

అడ్రసు చూశావుగా. ఇప్పుడు షారోన్ వాళ్ళ అక్క గదిలో ఉన్నాను. ఏం జరిగిందో చెబుతాను. తిట్టే ముందు చివరిదాకా చదివించుకో.

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు ఇచ్చారు. రెండోది వార్డెన్ నా ముందే విప్పింది. ఆఫీసంతా కంపు. ఆమె కిటికీ దగ్గరకి పరుగెత్తింది. నేను అక్కడే నిలబడి క్రిస్టీనా అక్క సంగతి చదివాను. చదివాక కాగితం తీసుకుని పైకి వెళ్ళిపోయాను.

మర్నాడు క్లాసులో సారు రికార్డుల పాఠం అడిగారు. అతి ఎక్కువ వాన కురిసే చోటు? అందరూ మాసిన్‌రామ్ అన్నారు. అతి పొడవైన ప్లాట్‌ఫారం? హుబ్బళ్ళి. అతి పెద్ద పండుమిరప పచ్చడి ఎవరి ఆధ్వర్యంలో? వందమంది ఒక్క గొంతుతో నీ పేరు అరిచారు. నేను లేచాను.

"తప్పండి" అన్నాను.

"ఏది తప్పమ్మా? బరువా?"

"బరువు కరెక్టేనండి. మా నాయనమ్మ చెయ్యి అందులో పడలేదండి. వద్దని మీకే చెప్పింది."

"కూర్చో. తర్వాత మాట్లాడదాం."

"అసలు అది పచ్చడి కూడా కాదండి. మిగిలిందంతా వెనక గోడ దగ్గర గుంట తీసి పూడ్చారు. మేమంతా కిటికీలోంచి చూశాం."

వెనక బెంచీ నుంచి ఎవడో "సార్, అయితే దేశంలో అతి పెద్ద పచ్చడి గుంట మనదే సార్!" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. సారు ముఖం మాడిపోయింది. సాయంత్రం ఆఫీసులో క్షమాపణ రాసివ్వమన్నారు. రాయలేదు. సర్దుకో అన్నారు. షారోన్ పెట్టె మోసుకుంటూ తోడు వచ్చింది.

పరీక్షకి ఇంకా టైముంది, ఇక్కడే చదువుకుంటాను. లెక్కలు షారోన్ చెబుతుంది. కోచింగు పోగొట్టుకున్నానని నాన్న ఇంకా మాట్లాడటం లేదు, నువ్వు మాట్లాడించు. నేను చేసింది తప్పే. నిన్ను ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది, అడగలేదు.

కానీ గెలిచాం నాయనమ్మా! నీ పేరు తీసేశారు. ఫ్లెక్సీలో నీ ముఖం మీద తెల్లకాగితం అంటించారు. డబ్బాలు పంచిన ఊళ్ళన్నిటికీ, ఆ పచ్చడికీ నీకూ సంబంధం లేదని ఫోనులో మెసేజి కూడా పెట్టారు, గొడవ పెద్దది అవుతుందని భయం. నీ బదులు కనిగిరి దగ్గర హయాత్‌బీ అని ఒక పెద్దావిడ పేరు పెట్టారట. మా మెస్సు వంటమనిషికి ఎరిగినావిడట, చదువు రాదట. వెళ్ళి వేలిముద్ర వేయించుకొచ్చేశారు. కాబట్టి నీ గొడవ తీరినట్టే.

నీ బిందు


ఊరి నుంచి
27 మార్చి 2026

బిందూ,

క్లాసులో లేచి నిలబడ్డావు. సరే. అన్నం సరిగ్గా దొరుకుతోందా అక్కడ? మీ నాన్నకి మళ్ళీ అన్నం పెడుతున్నాను, నీతో మాట్లాడతాడు.

ఆ మెసేజి మన ఊళ్ళోనూ చదివారు. క్రిస్టీనా అత్త మొన్న సాయంత్రం మన గుమ్మం దగ్గరికి వచ్చింది. "తెలియక అన్నాను వదినా" అంది. "తెలియకుండా ఎట్లా అన్నావు వదినా? నన్ను అడగలేదుగా" అన్నాను. లోపలికి రమ్మని, గూట్లో సీసా తీసి, వేడన్నంలో నెయ్యి వేసి, కారం కలిపి ముందు ఆమె చేత తినిపించాను. మారు అడిగింది. ఆ తర్వాతే బాలింతకి ఇచ్చాను. పిల్లకి పాలు బాగా పడుతున్నాయని రెబ్కా చెప్పింది.

నీ ఉత్తరం ఆఖరి ముక్క చదువుతుంటే మీ నాన్న అన్నాడు, "పోన్లే అమ్మా, పీడ వదిలింది."

"వదలలేదురా, కనిగిరి పోయింది" అన్నాను.

బిందూ, నీకు సిగ్గు లేదా? గెలిచాం అని రాశావు. ఎవరి మీద గెలిచాం? ఆ బూజు పట్టిన కంపంతా నా నెత్తి మీద నుంచి దించి ఎవరో ముసలిదాని నెత్తిన పెట్టారు. ఆమె మిల్లరు చూడలేదు. ఆ కాయలు చూడలేదు. ఫ్లెక్సీ కట్టారని కూడా ఆమెకి తెలియదు. ఏదో పెద్ద మనుషులు కారులో వచ్చారు, కుర్చీలో కూర్చున్నారు, కాళ్ళకి దండం పెట్టబోయారు, వేలు చాపమంటే చాపింది. రేపు ఆ ఊళ్ళో ఏ బాలింత అత్త ఆమెని చూసి తల తిప్పుకుంటుందో! తిప్పుకున్నప్పుడు ఎందుకో కూడా ఆమెకి తెలియదు. నాకు కనీసం తెలుసు.

నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. నా పేరు దాని మీదనుంచి పోయిందని ఊరంతా సంతోషిస్తున్నారు. నాకు మాత్రం ఆ కంపు ఇంకా వదలలేదు.

ఈ ఉత్తరం నీకు అందాలి గనుక ఆగి, వచ్చే గురువారం తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కుతున్నాను. రెబ్కా వద్దంటోంది, మోకాళ్ళు, ఎండలు అంటోంది. మీ నాన్న తోడు వస్తానంటున్నాడు. రమ్మన్నాను, సంచి మోస్తాడు. ఆమె ఊరు తెలియదు, కనిగిరి చుట్టుపక్కల అని మాత్రమే రాశావు. మీ వంటమనిషిని అడిగి ఊరి పేరు కనుక్కో. అక్కడిదాకా వెళ్ళాక ఎవరినైనా అడుగుతాను. ఆమె నన్ను నమ్మకపోవచ్చు. ఇంట్లోకి రానివ్వకపోవచ్చు. గుమ్మం బయట కూర్చుని చెబుతాను.

నువ్వు మంగళగిరి నుంచి బయల్దేరి నేరుగా కనిగిరి బస్టాండుకి రా. పుస్తకాలు కావాలంటే బస్సులో చదువుకో. ఆమె వేలు పెట్టిన కాగితంలో ఏముందో అందరికంటే నీకే బాగా తెలుసు. నా కోసం టైపు చేయించింది నువ్వేగా, పేరు మార్చి అదే రాసి ఉంటారు. ఆమె ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క వాక్యం, ఆమెకి అర్థమయ్యేదాకా చెప్పు. ఆమె వేలు వేసినప్పుడు ఎవరూ చదివి వినిపించి ఉండరు.

మీ నాయనమ్మ వెంకటేశ్వరమ్మ చెప్పగా రెబ్కా రాసింది